నూటికి నూరు మార్కుల పవర్ సప్లై

మా ఆఫీసు గేటు పక్కన ఒక పచ్చబోర్డు ఉంది. పైన ‘ఈ కార్యాలయమున ప్రమాదము లేని దినములు’ అని రాసుంటుంది, కింద మూడు మేకులు. రోజూ పొద్దున పదింటికి ఆ మేకులకి రేకు అంకెలు మార్చి తగిలించడం నా డ్యూటీ. అసలు నా ఉద్యోగం స్టోర్‌కీపరు, పేరు నూకరాజు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో స్టోరు బాగా చూసుకుంటున్నావయ్యా అని ఒక్కడూ అన్న పాపాన పోలేదు. ఈ అంకెలు మార్చడం మొదలెట్టాక మాత్రం పై ఆఫీసు నుంచి రెండు ప్రశంసాపత్రాలు వచ్చాయి.

మాది వరద సన్నాహక కేంద్రం. గోదావరి పొంగితే మా కింద ఉన్న ఇరవై లంక గ్రామాలు నీళ్ళ మధ్య మిగిలిపోతాయి. ముందు పోయేది కరెంటు. అందుకని లంకకి ఒకటి చొప్పున ఇరవై లిథియం బ్యాటరీ బ్యాంకులు మా దగ్గర ఉన్నాయి. ఒక్కోటీ చిన్న ట్రంకుపెట్టె అంత ఉంటుంది. అది నిండా చార్జయి ఉంటే ఆరోగ్య ఉపకేంద్రంలో లైట్లూ, ఊళ్ళో ఫోన్ల చార్జింగూ నాలుగు రోజులు ఢోకా లేకుండా నడుస్తాయి. ఏటా వరద ముందు వాటిని చార్జి చేసి పడవల్లో పంపడమొక్కటే మా కేంద్రం పని. మిగతా పదకొండు నెలలూ ఆ పనికి సన్నాహాలు చేస్తుంటాం.

నిరుడు ఆ పనిలో చిన్న తేడా వచ్చింది. మా ప్రాంతీయ సంచాలకులు దైవాధీనం గారు ‘బ్యాటరీ అంటే బ్యాటరీయే కదా’ అని లారీ బ్యాటరీలకి వాడే పాత చార్జరు తగిలించమన్నారు. వర్క్‌షాపు టెక్నీషియన్ ఏసుపాదం వద్దు మొర్రో అన్నాడు. వింటేనా! గంటన్నరలో ఒక బ్యాంకు బూరెలా పొంగి, పొగ కక్కి, దైవాధీనం గారి కుర్చీ మీది టర్కీ తువ్వాలుని కాల్చేసింది. అప్పుడు అందులో ఆయన లేరు, తువ్వాలు మాత్రమే ఉంది. అయినా విచారణ జరిగింది. తప్పు ఎవరిదీ కాదనీ, విద్యుత్తుదనీ తేలింది. కాలిన బ్యాంకు బదులు కొత్తది వచ్చింది.

అదిగో, ఆ మర్నాడు వెలిసిందే పచ్చబోర్డు. అప్పటి నుంచి ఆఫీసులో రక్షణ తప్ప ఇంకో మాట లేదు. ఎవరైనా కిందపడతారేమోనని కిటికీలన్నీ మేకులు కొట్టి మూసేశారు. క్యాంటీన్‌లో టీ చల్లారాక ఇవ్వాలని సర్క్యులరు వచ్చింది. బోర్డు మీద అంకె పెరిగిన కొద్దీ దైవాధీనం గారి మొహంలో కళ పెరిగింది.

ఈ ఏడు జ్యేష్ఠమాసం నడుస్తుండగా, బోర్డు మీద మూడు వందల యాభై రెండున్న రోజున, రెల్లుగడ్డ లంక నుంచి నర్సు సత్యవేణి పడవ దిగి వచ్చింది. ఆవిడ రావడం అది మూడోసారి.

“ఏవండీ నూకరాజు గారూ, నా బ్యాటరీ ఎప్పుడిత్తారండీ? మా ఊళ్ళో మంగకి శ్రావణంలో నొప్పులండీ. అప్పటికి మాకు చుట్టూ నీళ్ళే. నిరుడు మీరిచ్చిన బ్యాటరీ గంటకే ఆరిపోతే, సెల్‌ఫోను పళ్ళతో పట్టుకుని పురుడు పోశానండీ. బొడ్డు కొయ్యాలో నా వేలు కొయ్యాలో తెలీలేదు. ఆ బిడ్డ బతికింది, మీ అదృష్టం.”

“మా అదృష్టమేంటమ్మా?”

“బతక్కపోతే మీ ఆఫీసుకి మోసుకొచ్చేదాన్నండీ.”

నేను ఆవిణ్ణి దైవాధీనం గారి గదిలోకి తీసుకెళ్ళాను. ఆయన విన్నారు. మంగ ఎవరని కూడా అడిగారు. చివరికి కళ్ళజోడు తీసి, “మీ ఆవేదనను లిఖితపూర్వకముగా సమర్పించండి. నోటిమాట మీద కార్యాలయం కదలదు,” అన్నారు. సత్యవేణి అప్పటికి రెండుసార్లు సమర్పించింది. మూడోసారి కూడా సమర్పించింది.

చార్జి చెయ్యాలంటే ముందు మాకు సరైన పవర్ సప్లై కావాలి. అదేమిటో కమిటీకి ఏసుపాదం వివరంగా చెప్పాడు. కమిటీ అంటే దైవాధీనం గారూ, రక్షణాధికారీ, అకౌంట్స్ సూపరింటెండెంటూ. మినిట్సు రాసేది నేను.

“బల్ల మీద పెట్టుకునే పెట్టండీ. రెండు గుబ్బలుంటాయి. ఒకటి ఓల్టులకి, ఒకటి యాంపియర్లకి. మన బ్యాంకుకి పద్నాలుగుంపావు దాటి పద్నాలుగున్నర లోపు ఓల్టులు చాలండి. ముందు ఖాళీగా ఉన్నప్పుడే ఆ అంకె పెట్టుకుని, ఇరవై యాంపియర్ల దగ్గర కట్టేసి, అప్పుడు బ్యాంకు తగిలించాలి. నిండాక అదే తగ్గించుకుంటాది. ఎక్కువిత్తే పొంగుద్ది, తక్కువిత్తే నిండదు. అంతేనండి. బువ్వ పెట్టడం లాంటిదే.”

“ఇరవై యాంపియర్లా?” రక్షణాధికారి కుర్చీలో వెనక్కి జరిగారు. “అంత దేనికి?”

“అయిదారు గంటల్లో నిండాలి కదండీ.”

“తొందరే అన్ని ప్రమాదాలకూ మూలకారణం,” అన్నారు దైవాధీనం గారు. ఆ వాక్యం మినిట్సులో రాయమన్నారు. రాశాను.

ఎంపికకి మార్కుల పట్టిక తయారైంది. మొత్తం వంద మార్కులూ రక్షణకే. ఓల్టులు ఎంత తక్కువైతే అన్ని మార్కులు, యాంపియర్లు ఎంత తక్కువైతే అన్ని మార్కులు, వేడికి కొన్ని, చప్పుడుకి కొన్ని, వాసనకి కొన్ని, పొరపాటున కాలి మీద పడితే తగిలే దెబ్బకి పది. ఏసుపాదం పట్టికని రెండుసార్లు చదివి చెయ్యెత్తాడు.

“చార్జింగు అవుద్దా లేదా అన్నదానికి మార్కులు లేవండి.”

“అది వినియోగ దశ. మనము ఇప్పుడు ఎంపిక దశలో ఉన్నాము,” అన్నారు సంచాలకులు. “దశలు కలిపేస్తే గందరగోళము ఏర్పడును.”

రాజమండ్రి నుంచి సుబ్బారాయుడనే డీలరు మూడు పెట్టెలు పట్టుకుని వచ్చాడు. మొదటిది ఏసుపాదం అడిగినటువంటిదే, ముప్ఫై ఓల్టులు, ఇరవై యాంపియర్లు, వెనకాల ఫ్యాను. రెండోది సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో ఉండే చిన్నది. మూడోది పెద్ద మోడలు. అది స్టాకు లేక, సైజు చూపించడానికి కొట్టు అద్దాల బీరువాలోంచి తెచ్చాడు.

“మూడోది ఉత్త డబ్బా అండి బాబూ,” అని ముందే చెప్పాడు. “షోకేసు పీసు. లోపల గాలి తప్ప ఏం లేదు. ముందున్న అంకెలు కూడా స్టిక్కరేనండి. కొలత చూసుకోడానికి తెచ్చా, అంతే.”

“నిబంధన పదకొండు,” అన్నారు దైవాధీనం గారు. “సరఫరాదారు నోటిమాటను కమిటీ పరిగణించరాదు. మూడింటినీ పరీక్షించండి.”

పరీక్షించాం. మొదటి పెట్టె ఆన్ చెయ్యగానే ఫ్యాను బుర్రుమంది. రక్షణాధికారి ఉలిక్కిపడ్డారు. చప్పుడు మార్కులు సున్నా. పావుగంటకి పైరేకు గోరువెచ్చగా అయింది. వేడి మార్కులూ పోయాయి. ఓల్టులకీ యాంపియర్లకీ మార్కులే లేవు, అవి ఉన్నాయి కాబట్టి. దానికి మొత్తం మీద పదకొండు వచ్చాయి. రెండో పెట్టెకి నలభై.

ఇక మూడోది. ఆన్ చేశారు. చప్పుడు లేదు. గంట చూశారు, వెచ్చబడలేదు. రక్షణాధికారి ముక్కు ఆనించి వాసన చూశారు, ఏ వాసనా లేదు. ఏసుపాదం మీటరు పెడితే సున్నా ఓల్టులు, సున్నా యాంపియర్లు. అకౌంట్స్ సూపరింటెండెంటు దాన్ని ఒంటిచేత్తో ఎత్తి, తన కాలి మీదే జారవిడుచుకుని, “ఏం నొప్పి లేదండీ!” అని సంతోషపడ్డారు. ఈలోగా ఊళ్ళో కరెంటు పోయింది. మొదటి రెండు పెట్టెలూ ఆరిపోయాయి. మూడోదాని మీద 14.40 అన్న అంకె ఇంత కూడా కదల్లేదు.

“చూశారా స్థిరత్వం!” అన్నారు దైవాధీనం గారు. ఆయన గొంతు కొంచెం వణికింది కూడా.

“సార్, పైన పద్నాలుగు అని ఉంది, మీటర్లో సున్నా వత్తంది,” అన్నాడు ఏసుపాదం.

“అదే కదయ్యా గొప్పతనం. చూసే చోట పద్నాలుగు, ముట్టుకునే చోట సున్నా. ఇంతకన్నా రక్షణ ఏముంటుంది?”

“లోపల ఏమైనా ఉందో లేదో ఒకసారి విప్పి చూద్దామండి.”

“వారంటీ సీలు చించితే ఎవరు బాధ్యులు? నువ్వా?”

ఏసుపాదం మీటరు సంచిలో పెట్టేసుకున్నాడు. సుబ్బారాయుడు మాత్రం చేతులు జోడించి, అది అమ్మే వస్తువు కాదని, అమ్మితే తన కొట్టు పరువు పోతుందని బతిమాలాడు. ఎంపికైన వస్తువుని ఇవ్వకపోతే బ్లాక్‌లిస్టులో పెడతామన్నారు. అతను కాసేపు మా అందరి మొహాలూ మార్చి మార్చి చూసి, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న వస్తువు మా ఆఫీసు చరిత్రలో అదొక్కటే.

ఓడిపోయిన రెండు పెట్టెలూ సోమవారం డీలరు మనిషి వచ్చి పట్టుకెళ్ళేదాకా నా స్టోరులో ఉన్నాయి. శనివారం సాయంత్రం ఏసుపాదం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. రెల్లుగడ్డ లంక బ్యాంకు వైపు చూశాడు, పదకొండు మార్కుల పెట్టె వైపు చూశాడు. నేను తాళంచెవి బల్ల మీద పెట్టి టీకి వెళ్ళిపోయాను. ఆదివారం వాళ్ళింటి పంచలో ఫ్యాను బుర్రుమని మోగిందట, ఏసుపాదం పక్కనే పీటేసుకుని మీటరు చూస్తూ కూచున్నాడట. మధ్యాహ్నానికి బ్యాంకు నిండింది. ఇంకో బ్యాంకు కూడా పెడదామనుకున్నాడు గానీ ఊళ్ళో కరెంటు పోయి మర్నాటిదాకా రాలేదు. సోమవారం పెట్టె వెళ్ళిపోయింది. ఇరవైలో ఒక్కటి. నాకు అంత మాత్రమే ధైర్యం ఉంది, అది కూడా టీకొట్టు దాకా నడిచే ధైర్యం.

ఎంపికైన డబ్బాకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. కాయ పెంకు ఎగిరి తగులుతుందేమోనని ఆరుబయట, దూరంగా కొట్టారు. తరువాత ఇరవై బ్యాంకుల్నీ ఒక్కోదాన్నీ ఎనిమిదేసి గంటలు దానికి తగిలించి ఉంచాం. రిజిస్టరులో మొదలూ చివరా ఓల్టులు రాయాలి, సాక్షిగా నేను సంతకం పెట్టాలి.

“మొదలెట్టినప్పుడు పన్నెండు పాయింటు ఒకటండి. ఎనిమిది గంటల తరవాత పన్నెండు పాయింటు ఒకటండి,” అన్నాడు ఏసుపాదం.

“తగ్గలేదుగా?” అన్నారు దైవాధీనం గారు.

“పెరగలేదండి.”

“నేనడిగింది తగ్గిందా అని.”

“తగ్గలేదండి.”

“అయితే ‘తగ్గలేదు’ అని రాయండి. బ్యాంకు ఎలా ఉంది?”

“చల్లగా ఉందండి.”

“నిరుడు పొగ వచ్చింది, ఈ ఏడు చల్లగా ఉంది,” అని ఆయన నా వైపు తిరిగారు. “ప్రగతి అంటే ఇదేనయ్యా నూకరాజూ.” నేను సంతకం పెట్టాను. ఇరవై సంతకాలు. నన్నెవరూ తుపాకీ పెట్టి బెదిరించలేదు, ఆ మాట చెప్పుకోవాలి.

ఆ డబ్బాని చూడ్డానికి పక్క ప్రాంతాల అధికారులు వచ్చారు. ఆ స్ఫూర్తితో దైవాధీనం గారు మా మోటారు పడవల్లో పెట్రోలు తీసేయించారు. ఒడ్డున కట్టేసి ఉన్న పడవ మునిగినట్టు రికార్డుల్లో ఎక్కడా లేదట. బ్యాంకులు తీసుకోడానికి లంకలవాళ్ళు సొంత నాటుపడవల్లోనే వచ్చారు. సత్యవేణి వచ్చినప్పుడు ఏసుపాదమే స్వయంగా బ్యాంకు పడవలోకి ఎక్కించి, “దీన్ని ఎవరికీ మార్చి ఇవ్వకమ్మా,” అని మాత్రం చెప్పాడు. ఆవిడ అతని మొహం చూసి, బ్యాంకుని తన కాళ్ళ దగ్గరికి లాక్కుంది.

శ్రావణంలో గోదారి వచ్చింది. మొదటి రోజు సాయంత్రం నుంచి మా ఆఫీసు ఫోను మోగుతూనే ఉంది. “లైటు వెలగట్లేదండీ.” “మీ బ్యాటరీకి ఏం తెగులండీ?” “మా అత్తకి ఆయాసం వచ్చిందండీ, మందు ఏదో కనపట్టం లేదండీ.” “పాకలోకి పాము దూరిందండోయ్, చీకట్లో ఏ మూలుందో తెలట్లేదు!” ఫోను ఎత్తేది నేనే. ఎత్తి ఏం చెప్పను? “నమోదు చేసుకున్నామండీ” అనేవాణ్ణి. నా నోటికి ఆ మాట తప్ప ఇంకోటి రాలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

రెండో రోజు మధ్యాహ్నానికి ఫోను మోగడం ఆగిపోయింది. లంకల్లో అందరి ఫోన్లూ చార్జింగు అయిపోయాయి. దైవాధీనం గారు నివేదికలో ‘రెండవ దినము నుండి ఫిర్యాదులు శూన్యము’ అని రాయించారు.

నీళ్ళు తీసిన వారానికి మంగ మొగుడు సూరన్న మా ఆఫీసుకి వచ్చాడు. చేతిలో పూతరేకుల పెట్టె. “మీ బ్యాటరీ చల్లగుండాలండీ! నాలుగు రోజులు పెళ్ళిపందిరిలా వెలిగిందండీ మా ఊళ్ళో. మాకు ఆడపిల్లండి. తల్లీ బిడ్డా కులాసా. సత్యవేణమ్మగారు ఈసారి నోట్లో సెల్‌ఫోను పెట్టుకోకుండానే కుట్లేశారండీ, పట్టపగల్లా కనపడిందంట,” అని అందరికీ పంచాడు. దైవాధీనం గారు రెండు పూతరేకులు తిన్నారు. రెండోది నములుతూ ఉండగా ఆగి, “వెలిగిందా?” అన్నారు.

విచారణ జరిగిన రోజున బోర్డు మీద నాలుగు వందల పదమూడు. విచారణకి సత్యవేణిని సదరు బ్యాంకుతో సహా హాజరు కమ్మన్నారు. ఆవిడ ఆటోలో వేసుకుని తెచ్చింది. సమావేశం హాల్లో. బయట వాన, కిటికీలకి మేకులు, సరిగ్గా మూడింటికి కరెంటు పోయింది. పట్టపగలు మా హాల్లో ఎదుటి మనిషి కనపట్టం మానేశాడు.

“విచారణ ఆగరాదు,” అన్నారు వేదిక మీద నుంచి దైవాధీనం గారు. “ఏసుపాదం, వెలుతురు ఏర్పాటు చెయ్యి.”

ఏసుపాదం చుట్టూ చూశాడు. అక్కడ వెలగగలిగింది ఒక్కటే ఉంది. ముద్దాయి బ్యాంకులో ఇంకా కాస్త చార్జింగు మిగిలి ఉంది, దానికి బల్బు తగిలించాడు. హాలంతా తెల్లగా వెలిగింది. ఆ వెలుగులో దైవాధీనం గారు మెమో విప్పి చదివారు.

“సరఫరా చేయబడిన ఇరవై బ్యాంకులలో పందొమ్మిది ఏ విధమైన వెలుగూ, వేడిమీ లేకుండా సంపూర్ణ రక్షణతో తిరిగివచ్చినవి. రెల్లుగడ్డ లంక బ్యాంకు మాత్రము అనధికారికముగా నాలుగు దినములు వెలిగినట్లు తెలియవచ్చినది. సంజాయిషీ చెప్పండి. ఎందుకు వెలిగింది?”

“పాప పుట్టిందండి,” అంది సత్యవేణి.

“అది ప్రశ్నకు సమాధానము కాదు. మన కార్యాలయపు పవర్ సప్లైతో చార్జి చేసినది ఏదీ వెలగలేదు. కావున దీనిని ఎవరో బయట చార్జి చేశారు. ఎవరు?”

సత్యవేణి ఏసుపాదాన్ని చూడలేదు. నన్నూ చూడలేదు. “నాకు పడవలోకి ఎక్కించారండి, నేను తీసుకెళ్ళానండి. నాకంతే తెలుసు.” నేను మినిట్సులోంచి తల ఎత్తలేదు. ఆ బల్బు వెలుగు నా కాగితం మీదే పడుతోంది. ‘తాళం నేనే ఇచ్చాను’ అన్న రెండు ముక్కలు చెప్పాల్సింది పోయి, ‘సాక్షికి తెలియదు’ అని రాసుకున్నాను.

“వెలిగిన వస్తువు ప్రమాదహేతువు. సదరు బ్యాంకును తక్షణమే విచ్ఛేదించి సీజు చేయవలసినదిగా ఆదేశించడమైనది.”

“ఇప్పుడేనాండీ?” అన్నాడు ఏసుపాదం.

“తక్షణమే అంటే ఇప్పుడే!”

ఏసుపాదం తీగ పీకేశాడు. కళ్ళు పొడుచుకున్నా కనపడని చీకటి. వేదిక మీద కుర్చీ కిర్రుమంది, మెట్టు దగ్గర ఏదో ధబ్బుమంది, ఆ వెంటనే “అమ్మోయ్! నా కాలు!” అని సంచాలకుల గొంతు, ఈసారి గ్రాంథికం లేకుండా వినిపించింది.

“లైటెయ్యండ్రా! లైటు! ఆ తీగ తగిలించండి!”

ఎవరూ కదల్లేదు. సత్యవేణి గొంతు మాత్రం నిదానంగా వినపడింది. “సీజు చేసిన వస్తువండి. నేనెలా ముట్టుకుంటానండీ? లిఖితపూర్వకంగా ఇప్పించండి. నోటిమాట మీద నేను కదలనండి.”

చీకట్లో దైవాధీనం గారు జేబు తడుముకోవడం వినిపించింది. పెన్ను దొరికినట్టుంది, కాగితం దొరకలేదు. కాగితం దొరికేసరికి పెన్ను జారిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. అది నేనే.

కాసేపటికి సత్యవేణే తీగ తగిలించింది. నర్సు కదా, మూలుగు విని ఊరుకోలేకపోయింది. ఆయన కాలు ఒళ్ళో పెట్టుకుని, చూసి, బెణికిందంతే అని, తన సంచిలోంచి గుడ్డ తీసి కట్టు కట్టింది. ఆ తరవాత ఎవర్నీ అడక్కుండా, ఎవరి సంతకం కోసమూ ఆగకుండా బ్యాంకుని ఏసుపాదం భుజానికెత్తింది. బల్బు తను పట్టుకుని బయటికి నడిచింది. వసారా కూడా చీకటే. ఆవిడ వెలుగు వెనకాలే కమిటీ మొత్తం ఒకరి వెనక ఒకరు గేటు దాకా నడిచింది. ఒక్కరూ ఆపలేదు.

గేటు దగ్గర ఆ వెలుతురు పచ్చబోర్డు మీద పడింది. ఇద్దరి భుజాల మీద వేలాడుతున్న దైవాధీనం గారు దాన్ని చూసి ఒంటికాలి మీద ఆగిపోయారు.

“నూకరాజూ, ఇది ప్రమాదము కాదు. ముందస్తు ప్రణాళిక లేకుండా కూర్చొనుట. అలాగే రాయి. రేపు పొద్దున నాలుగు వందల పద్నాలుగు వెయ్యడం మర్చిపోకు.”

“అలాగేనండి,” అన్నాను. ఇరవై ఆరేళ్ళ అలవాటు.

మర్నాడు పదింటికి అంకెల సంచి పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. లంకల నుంచి వచ్చిన పందొమ్మిది బ్యాంకులూ వరండాలో వరసగా ఉన్నాయి, బురద కూడా ఎండలేదు. ఒక్కోదాని రిజిస్టరులో నా సంతకం ఉంది. ఒకటి నుంచి పందొమ్మిది దాకా లెక్కపెట్టాను. అప్పుడు మేకుల మీది అంకెలన్నీ పీకేసి, మధ్య మేకుకి సున్నా ఒక్కటే తగిలించాను. లోపలికొచ్చి డబ్బా వారంటీ సీలు గోటితో చించి, మూత తీసి, మిగతా అంకెలన్నీ అందులో పోసేశాను.

కొన్నప్పటి నుంచి ఆ డబ్బాలో ఏదైనా ఉండడం అదే మొదటిసారి.